తమ్ముడి ఆధార్‌లో పెరిగిన మూడేళ్లు

ప్రశ్న:

మేడమ్, నమస్తే. మాది హిందూపురం దగ్గర పల్లె. నాలుగేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, మారతహళ్లి వైపు ఉంటాను. వయసు 27. మా తమ్ముడికి 19. ఇక్కడే ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, కాలేజీ పక్కన పీజీలో ఉంటాడు. శని, ఆదివారాలు నా దగ్గరికి వస్తాడు. పోయిన వారం వాడి ఫోన్‌లో ఏదో ఫోటో వెతుకుతుంటే ఆధార్ కార్డు కనిపించింది. పేరు వాడిదే, మొహం వాడిదే, పుట్టిన సంవత్సరం మాత్రం 2006కి బదులు 2003 అని ఉంది. గట్టిగా అడిగితే చెప్పాడు. కోరమంగలలో పబ్బుకు పోతే గేటు దగ్గర 21 నిండాయా అని కార్డు అడుగుతారట. పీజీలో ఒక సీనియర్ ఐదు వందలు తీసుకుని చేసిచ్చాడట. నెలకు రెండు మూడుసార్లు పోతున్నారట. తిరిగి వచ్చేది నా స్కూటీ మీదేనని అప్పుడే తెలిసింది.

నేను కోప్పడితే ఎదురు వాదించాడు. "ఓటెయ్యడానికి పద్దెనిమిది చాలు, బీరుకు చాలదా? గోవాలో, పాండిచ్చేరిలో పద్దెనిమిదే. కర్ణాటక చట్టంలో కూడా పద్దెనిమిదే ఉంది, ఇరవై ఒకటి అనేది ఊరికే పెట్టుకున్నారు. నాయన తాగడంలేదా, ఆయన్ని ఎవరన్నా అడుగుతున్నారా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. నాయనకు చెబితే చదువు మాన్పించి ఊరికి తీసుకుపోతాడు. చెప్పకుండా ఉండి, రేపు ఏదన్నా జరిగితే దాచింది నేనే కదా. వాడు చెప్పేది నిజమేనా? నేనేం చేయాలి?

— ఒక అక్క, బెంగళూరు

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు తాగుడు గురించి అడిగావు. నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి ఆ కార్డు, నీ స్కూటీ తాళంచెవి. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా వకీలుగా ఉన్నాను. పందొమ్మిదేళ్ల పిల్లవాడు బీరు తాగినందుకు బతుకు పాడుచేసుకోవడం నేను చూసింది తక్కువ. తాగిన సంగతి దాచడానికి చేసిన పనులతో పాడుచేసుకున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. అందుకే నీ ప్రశ్నను కాస్త అటూ ఇటూ చేసి జవాబు చెబుతున్నాను.

ముందు వాడి వాదన. అందులో కొంత నిజముంది, ఆ నిజాన్ని ఒప్పుకోకపోతే వాడు నీ మిగతా మాటలు చెవిన పెట్టడు. మద్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని విషయం. కాబట్టి ఎవరి లెక్క వాళ్లది. గోవాలో, పుదుచ్చేరిలో 18. కేరళలో 2017లో 21 నుంచి 23కి పెంచారు. మహారాష్ట్రలో బీరుకు 21, విస్కీలాంటి వాటికి 25. తమిళనాడులో 21. మన ఆంధ్రలో, తెలంగాణలో కూడా 21. కర్ణాటకలో నిజంగానే ఒక చిక్కుంది. 1965 ఎక్సైజ్ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మడాన్ని నేరమంటుంది. ఆ చట్టం కింద 1967లో వచ్చిన లైసెన్సు నిబంధనలు 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదంటాయి. ఈ తేడా పోగొట్టడానికి 18 చేద్దామని ప్రభుత్వం ఒక ముసాయిదా తెచ్చింది. జనం వద్దన్నారు, 2023 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి పబ్బు గేటు దగ్గర అడిగేది 21. నీ తమ్ముడు ఎక్కడో చదివింది సగం, ఆ సగం నిజమే.

ఆ నిబంధన బరువు ముందుగా పడేది పబ్బువాడి లైసెన్సు మీద. గేటు దగ్గర నల్లచొక్కా మనిషి కార్డు అడిగేది అందుకే. ఆ మనిషి చేతిలో నీ తమ్ముడు ఫోన్ పెట్టిన క్షణంలో నేరం ఒకరి నుంచి ఇంకొకరికి మారిపోయింది. అప్పటిదాకా తప్పు అమ్మేవాడిది. ఇప్పుడు కొనేవాడిది.

2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 337వ సెక్షన్‌ను వాడితోనే చదివించు. ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పత్రాన్ని ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకు జైలు, దానిపైన జరిమానా. ఓటరు కార్డు, ఆధార్ కార్డు అని పేర్లతో సహా రాసి ఉంది. తయారుచేసింది సీనియరే కదా అంటాడేమో. దొంగ పత్రమని తెలిసీ అసలుదానిలా వాడినవాడికి కూడా తయారుచేసినవాడితో సమానంగా శిక్ష పడుతుందని 340వ సెక్షన్ చెబుతుంది. వాడికి పందొమ్మిదేళ్లు. జువెనైల్ బోర్డు, పేరు బయటికి రాకుండా చూడడం, బాలుడని కనికరించడం, ఇవన్నీ పద్దెనిమిదితోనే అయిపోయాయి. బీరుకు చిన్నవాడు, జైలుకు పెద్దవాడు. ఇది అన్యాయమని వాడంటే కాదనను. కానీ వాడు నడుస్తున్నది సరిగ్గా ఆ మూడేళ్ల సందులోనే.

గేటు దగ్గర పట్టుబడ్డ ప్రతి పిల్లవాడి మీదా కేసు పెడుతున్నారని నేను చెప్పడంలేదు. ఎక్కువసార్లు తోసేసి పంపుతారు. వీళ్లకు ధైర్యం అక్కడే వస్తుంది. కానీ ఆధార్ మీది క్యూఆర్ కోడ్‌లో అసలు పుట్టినతేదీ ఉంటుంది. ఫోటో మీద అంకె దిద్దొచ్చు, ఆ చుక్కల గడిలో దిద్దలేరు. లోపల ఎప్పుడో కొట్లాట జరిగి పోలీసులు అందరి కార్డులూ చూసిన రాత్రి, ఆ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేస్తే ఒక తేదీ, బొమ్మ మీద ఇంకో తేదీ. కొట్లాటతో సంబంధం లేనివాడు కూడా అక్కడ ఇరుక్కుంటాడు.

కేసంటూ ఒకటి పడితే ఏమవుతుందో మన ఇళ్లలో త్వరగా అర్థమయ్యే లెక్కలో చెబుతాను. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తున్నవాడికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చని 1967 పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. అప్పుడు కోర్టుకు పోయి అనుమతి తెచ్చుకోవాలి. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని సూటిగా అడుగుతారు. కేసు కొట్టేసినా సరే, అరెస్టు జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. ఎంఎస్‌కు పోవాలని వాడికి ఆశ ఉందో లేదో నువ్వు రాయలేదు. ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లవాడు కదా, ఉండే ఉంటుంది. ఇంకొక మాట. అక్కడికి పోయినా ఇరవై ఒకటే. అమెరికాలో 1970లలో చాలా రాష్ట్రాలు ఆ వయసు తగ్గించాయి. కుర్రవాళ్ల కారు ప్రమాదాలు పెరిగాయి. 1984లో కేంద్ర చట్టం చేసి, 21 పెట్టని రాష్ట్రాలకు రోడ్ల నిధులు కోస్తామన్నారు. 1988కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. కాబట్టి 21 అనేది ఊరికే పెట్టుకున్న అంకె అనడం సరికాదు. అమెరికాలో దాని వెనక శవాల లెక్క ఉంది.

ఇంకో సంగతి వాడు ఆలోచించి ఉండడు. ఆ సీనియర్ దగ్గర వాడి అసలు ఆధార్ ఉంది. ఐదు వందలకు ఒకరి కార్డు దిద్దేవాడు ఇంకో ఐదు వందలకు అదే కార్డుతో సిమ్ తీసివ్వడని ఎవరు చెప్పగలరు? ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయించు. ఇకమీద ఎవరికైనా కాపీ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమను.

ఇక స్కూటీ.

మీ తమ్ముడి వయసు పిల్లలు ఎక్కువగా తాగేది స్ట్రాంగ్ బీరు. 650 మిల్లీలీటర్ల సీసా, లేబుల్ మీద ఎనిమిది శాతం మించదని ఉంటుంది. వాడి చేతికి కాగితం, కలం ఇచ్చి లెక్క వేయించు, ఇంజనీరింగ్ పిల్లవాడే కదా. 650లో ఎనిమిది శాతం అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు, బరువులో సుమారు 41 గ్రాములు. అరవై కిలోల కుర్రాడి ఒంట్లో అది కలిస్తే వంద మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 100 మిల్లీగ్రాములు తేలుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఒప్పుకునేది 30. ఒక్క సీసాతోనే మూడింతలు దాటాడు. కాలేయం గంటకు సుమారు 15 తగ్గిస్తుంది, ఎవరికైనా కాస్త అటూ ఇటూగా. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా, చల్లటి నీళ్లతో తలస్నానం చేసినా, ఫిల్టర్ కాఫీ కొట్టినా కాలేయం తొందరపడదు. వంద నుంచి ముప్ఫైకి దిగడానికే నాలుగున్నర, ఐదు గంటలు. రెండు సీసాలైతే పదకొండు గంటల పైమాటే. అంటే రాత్రి పదకొండుకు ఆపినవాడు పొద్దున తొమ్మిది గంటల క్లాసుకు బండి తీసినప్పుడు కూడా చట్టం లెక్కలో తాగినవాడే. "పడుకుని లేచాను కదక్కా" అంటాడు. లేచాడు నిజమే, రక్తంలోది లేవలేదు. ఆడపిల్లల ఒంట్లో నీటిపాలు తక్కువ కాబట్టి అంతే బరువున్న అమ్మాయికి ఈ అంకె ఇంకా పైకి పోతుంది. వాళ్ల గుంపులో అమ్మాయిలుంటే ఈ మాట వాళ్లదాకా పోవాలి.

ఆ సెక్షన్ కింద మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు గానీ పదివేల జరిమానా గానీ రెండూ గానీ. రెండోసారి రెండేళ్లు, పదిహేను వేలు. 2019 సెప్టెంబరు నుంచి ఇదీ లెక్క. సిగ్నల్ దాటిన చలానాలాగా ఫోన్‌లో కట్టేసి మరిచిపోవడానికి కుదరదు, కోర్టుకు పోవాలి. ట్రాఫిక్ కోర్టు వరండాలో సోమవారం పొద్దున నిలబడే పిల్లల్ని నేను చూస్తూనే ఉంటాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో హెల్మెట్ పట్టుకుని ఉంటారు. ఆఫీసుకు జ్వరమని మెసేజ్ పెట్టి వచ్చినవాళ్లే ఎక్కువ. ఒకసారి ఒక పిల్లవాడు వాళ్ల అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. చిత్తూరు వైపు యాస. "క్లాసులోనే ఉండానమ్మా, మళ్లీ చేస్తా" అంటున్నాడు. వెనక కోర్టు బంట్రోతు పేరు పెట్టి అరుస్తుంటే మైకును అరచేత్తో మూసుకున్నాడు. ఆ చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ గుర్తే.

బండి నీ పేరు మీద ఉంది. తాగాడని తెలిసీ తాళం ఇస్తే ఆ నేరానికి సాయం చేసినట్టేనని అదే చట్టం 188వ సెక్షన్ అంటుంది. ఇప్పటిదాకా నీకు తెలియదు, ఇప్పుడు తెలుసు. తాగి నడిపితే బండికి జరిగిన నష్టానికి బీమా కంపెనీ డబ్బివ్వదు. ఇవన్నీ చిన్నవి. అసలుది ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి రోడ్డు దాటే మనిషి. అక్కడ ఎవరి ప్రాణమైనా పోతే ఆ తర్వాత నడిచే కేసులో నా వంటివాళ్లం చేయగలిగింది చాలా తక్కువ.

2024 మేలో పుణెలో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. పదిహేడేళ్ల పిల్లవాడు స్నేహితులతో కలిసి పబ్బుల్లో కూర్చుని, తర్వాత కారు తీసి, బైకు మీద పోతున్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్ని గుద్దాడు. ఇద్దరూ చనిపోయారు. పబ్బువాళ్లను అరెస్టు చేశారు, తండ్రినీ అరెస్టు చేశారు. చట్టంలో బీరుకే 21 ఉన్న రాష్ట్రం అది. అంకె ఎంత పెట్టినా గేటు దగ్గర మనిషి అడగకపోతే, ఇంట్లో తాళంచెవి అందుబాటులో ఉంటే ఆ చట్టం కాగితం మీదే ఉండిపోతుంది.

మీది హిందూపురం వైపు కదా, అందుకని ఒక పాత సంగతి చెబుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు సారా అంగడికి ఎదురు నిలబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం తెచ్చారు, 1997లో సడలించారు. ఆ రెండేళ్లూ సరిహద్దు ఊళ్లు ఎలా ఉండేవో మీ అమ్మనడుగు. సాయంత్రమైతే హిందూపురం నుంచి కర్ణాటకలోని గౌరీబిదనూరు వైపు పోయే బస్సులు మగవాళ్లతో నిండిపోయేవి. రాత్రి తిరిగొచ్చే దారిలో పడిపోయినవాళ్లు, గుద్దుకున్నవాళ్లు. నేనప్పుడు లా చదువుతున్నాను. ఆ ఆడవాళ్ల పోరాటం మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఇళ్లలో కూలి డబ్బు మిగిలింది, దెబ్బలు తగ్గాయి. కానీ గీత గీసిన చోట దాన్ని దాటేవాళ్లు ఉంటారని, దెబ్బ తగిలేది దాటి తిరిగొచ్చేటప్పుడేనని అప్పుడే తెలిసింది. నీ తమ్ముడికి ఆ గీత 21 దగ్గర ఉంది. వాడు దాటకుండా నువ్వు ఆపలేకపోవచ్చు. తిరుగుదారి మాత్రం నీ చేతుల్లో ఉంది.

దాని గురించే ఇంకొకటి చెప్పాలి. ఇది మా ఇంట్లో జరిగింది. మా చిన్నాన్న మనవడు ఇదే ఊళ్లో పీజీలో ఉండేవాడు. ఒకరి పుట్టినరోజని గదిలోనే తాగారు. పందెం వేసుకుని క్వార్టర్ సీసా నీళ్లు కలపకుండా ఎత్తాడు. గంటకల్లా నేలమీద పడ్డాడు, వాంతి చేసుకున్నాడు, పిలిస్తే పలకలేదు. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కడికీ ఇరవై ఒకటి నిండలేదు. పీజీ ఓనరుకు తెలిస్తే వెళ్లగొడతాడు, ఆసుపత్రికి పోతే పోలీసులొస్తారు, ఇళ్లకు ఫోన్లు పోతాయి. ఈ భయంతో వెల్లకిలా పడుకోబెట్టి, పొద్దునకు దిగిపోతుందిలే అని దుప్పటి కప్పారు. మదనపల్లె పిల్లవాడొకడు మాత్రం నిద్రపోకుండా పక్కన కూర్చున్నాడు. పెదాలు నీలంగా మారుతున్నాయని, ఊపిరికీ ఊపిరికీ మధ్య తాను పది దాకా లెక్కపెడుతున్నానని గమనించాడు. మిగతావాళ్లు వద్దంటున్నా 108కి ఫోన్ చేశాడు. బతికాడు మా పిల్లవాడు. ఇంకో గంట ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పారు. ఆ రాత్రి ఎవరి మీదా కేసు పెట్టలేదు, ఎవర్నీ కాలేజీ నుంచి తీసేయలేదు. వాళ్లు భయపడ్డవేవీ జరగలేదు. ఆ భయం వల్ల జరగబోయింది మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నాకు చెమట పడుతుంది.

కాబట్టి వాడికి ఇది నేర్పు. తాగి పడిపోయినవాడు గట్టిగా గిల్లినా లేవకపోతే, నిద్రలోనే వాంతి చేసుకుంటే, ఒళ్లు చల్లబడి పెదాలు, గోళ్లు నీలంగా మారితే, నిమిషానికి ఎనిమిది ఊపిర్లు కూడా తీయకపోతే అది మత్తు దశ దాటిపోయినట్టు. అప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాంతి గొంతులోకి పోకుండా. నోట్లో ఏమీ పోయకూడదు. ఒంటరిగా వదలకూడదు. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, ఏం తాగాడో, ఎంత తాగాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆసుపత్రిలో నర్సు అడిగినప్పుడు "జ్యూస్ తాగాడు" అని చెప్పే స్నేహితుల వల్ల పోయేది ప్రాణమే.

పీజీలో ఫస్టియర్ పిల్లలుంటారు, వాళ్లలో పదిహేడేళ్లవాళ్లు కూడా ఉంటారు. పార్టీ అని వాళ్లకు గ్లాసు అందించడం సరదా అనుకుంటారు. పద్దెనిమిది నిండని పిల్లలకు మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా అని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్. అంగడివాడికే అని లేదు, ఎవరిచ్చినా అంతే. ఈ ఒక్క విషయంలో వాడితో చర్చ పెట్టుకోవద్దు, చెప్పేయ్.

ఇప్పుడు నాయన సంగతి. "నాయన తాగడంలేదా" అన్న ప్రశ్నకు నీకు జవాబు తోచలేదన్నావు. తోచకపోవడం నీ లోపం కాదు. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరూ చూసినదే కదా. వాడికి నువ్వు చెప్పగలిగిన నిజమైన జవాబు ఒకటుంది: "నాయన తాగి వచ్చిన రాత్రులు మనిద్దరం ఎక్కడ పడుకునేవాళ్లమో నీకు గుర్తుందా?" అంత మాటను నేను ఊహించి రాశాను, మీ ఇంట్లో అలా లేకపోతే క్షమించు. కానీ చదువు మాన్పిస్తాడేమో అని నువ్వు భయపడుతున్నావంటే ఆ ఇంట్లో ఎంతో కొంత జరిగే ఉంటుంది. తండ్రి తాగే ఇంట్లో పుట్టినవాడికి ఆ అలవాటు పట్టుకునే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువని వైద్యులు చెబుతారు. రక్తంలోనూ వస్తుంది, చూసి కూడా వస్తుంది. పైగా మెదడులో ముందువెనకలు ఆలోచించే భాగం పాతికేళ్లు వచ్చేదాకా పూర్తిగా తయారవదు. నాయనను సాక్ష్యంగా తెచ్చుకున్నప్పుడు వాడు తనకు తెలియకుండానే తన మీదే సాక్ష్యం చెప్పుకున్నాడు.

నాయనకు ఇప్పుడు చెప్పొద్దు. ఇది నా అభిప్రాయం, ఇంకొకరు వేరేలా చెప్పవచ్చు. తన చేతిలో గ్లాసున్న మనిషి కొడుకును కొట్టి చెప్పే మాటకు విలువ ఉండదు. ఊరికి తీసుకుపోతే చదువు పోతుంది, తాగుడు పోదు. మన ఊళ్లలో గేటు దగ్గర కార్డు అడిగేవాడు కూడా ఉండడు. కానీ నువ్వొక్కదానివే మోయాలని కూడా అనను. మీ అమ్మకు చెప్పు. వాడి చేతే చెప్పించు, నువ్వు పక్కన కూర్చో. అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. అమ్మకు తెలిసిందన్న సంగతి వాడు మోయాల్సిందే. ఇకమీద ఆ కార్డు మళ్లీ చేయించాడని గానీ, తాగి బండి ఎక్కాడని గానీ తెలిస్తే అప్పుడు నాయనకు, కాలేజీకి నేనే చెబుతానని ముందే చెప్పి ఉంచు. చెప్పినట్టే చెయ్యి.

నెలకు రెండు మూడుసార్లు స్నేహితులతో పోవడం ఒక రకం. ఒక్కడే గదిలో తాగడం, నిద్రపట్టడానికి తాగడం, అప్పులు చేయడం, ముందురోజు రాత్రి ఏం జరిగిందో గుర్తులేకపోవడం, తాగని రోజు చేతులు వణకడం, వీటిలో ఏదైనా ఉంటే అక్క మాటతో అయ్యేది కాదు. నువ్వున్న ఊళ్లోనే మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. అక్కడ వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది, హోసూరు రోడ్డు మీద నీకు దూరమేమీ కాదు. అంతదాకా పోవడానికి మొహమాటపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 ఉంది. ముందు నువ్వే ఫోన్ చేసి నీ భయం చెప్పుకో. తమ్ముడి సంగతి అడగడానికి తమ్ముడే మాట్లాడాలని లేదు.

ఈ శనివారం వాడు వచ్చినప్పుడు అన్నం పెట్టి, వాడు తిన్న తర్వాత మాట్లాడు. తిట్లతో మొదలుపెట్టకు. బీరు లెక్క వేయించు, 337వ సెక్షన్ చదివించు. ఆ ఫోటోను ఫోన్‌లోంచి, గ్యాలరీ బిన్‌లోంచి, వాట్సాప్‌లో పంపిన చోట్ల నుంచి వాడి చేత్తోనే తీయించు. స్కూటీ తాళం ఇకనుంచి నీ దగ్గరే ఉండాలి. పగలు కాలేజీకి కావాలంటే అడిగి తీసుకుంటాడు, చీకటి పడకముందు తెచ్చిస్తాడు. ఆ తర్వాత ఈ మాట చెప్పు, నీ మాటల్లోనే చెప్పు: "నువ్వు తాగకూడదనే నా కోరిక. కానీ ఎప్పుడైనా తాగి ఉన్నా, నీ పక్కనున్నవాడు తాగి పడిపోయినా, రాత్రి ఎన్ని గంటలైనా నాకు ఫోన్ చెయ్యి. ఆటో ఎక్కి వచ్చెయ్యి, ఛార్జీ నేనిస్తా. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను. అడగాల్సింది మర్నాడు పొద్దున అడుగుతా." చివరి మాట కూడా చెప్పాలి, లేకపోతే వాడికి అది లైసెన్సులా వినిపిస్తుంది.

చెప్పాక మాట మీద నిలబడడం కష్టం. రాత్రి రెండు గంటలకు తలుపు తీసినప్పుడు, ఆ వాసన తగిలినప్పుడు, మీ ఇంటి పాత రాత్రులన్నీ నీకు గుర్తొస్తాయి. అయినా మంచినీళ్ల సీసా పక్కన పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టు. నువ్వు రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకునేదానివైతే, వాడి నంబరు ఒక్కటి సైలెంట్‌లో కూడా మోగేలా ఇవాళే సెట్ చేసుకో.